సార్ చెయ్యి

ప్రతి ఏడూ సర్జరీ పీజీ పిల్లల్ని డాక్టర్ నరహరి ఒక చిన్న మోసం చేసేవాడు. సోమారం మెడికల్ కాలేజీ సాధన గదిలో బల్లమీద ఒక రబ్బరు మెడ ఉంటుంది. దాని లోపలి సన్నటి గొట్టాల్లో ఎర్రనీళ్ళు గుండె దరువుకు కొట్టుకుంటూ పారుతుంటాయి. థైరాయిడ్ గడ్డను వేలితో ఎలా విడదీసి పైకి తేవాలో పిల్లలు దానిమీదే నేర్చుకోవాలి. పరీక్ష ముందురోజు నరహరి ఎవరూ చూడకుండా వెళ్ళి, ఉండకూడని చోట, గడ్డ అడుగున, ఒక గొట్టం దూర్చి వచ్చేవాడు. ఎవరైనా అడిగితే, "దేవుడు అందర్నీ ఒకే అచ్చుల పొయ్యలే. కొందరికి ఛాతీల ఉండాల్సిన పెద్ద ధమని మెడలకు ఎక్కి కూర్చుంటది. అది పుస్తకంల చదివితే తెల్వది, వేలికి తగలాలె" అనేవాడు.

తగిలినప్పుడు చూడాలి వాళ్ళ అవస్థ! ఒకడు పాము మీద చెయ్యి వేసినట్టు వెనక్కి గెంతేవాడు. ఇంకొకామె "అమ్మో, ఇదేదో కొట్టుకుంటున్నది సార్!" అని కెవ్వుమనేది. నరహరి పడీపడీ నవ్వేవాడు. "భయపడ్డవా? మంచిగైంది. పద, చాయ్ తాగుదాం" అని క్యాంటీన్‌కు తీసుకుపోయేవాడు. ఆగినవాళ్ళు పాసు. ఆ పరీక్షలో అంతకుమించి ఏమీ లేదు.

ఈ ఏడు ఎవరూ కెవ్వుమనలేదు.

మొదట మధుకర్ వచ్చాడు. బ్యాచిలో మెరికలాంటి కుర్రాడు. అతని చూపుడువేలు గడ్డ కిందికి నూనెలో జారినట్టు జారింది. దొంగగొట్టం దగ్గరికి వచ్చి ఆగింది. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు ఆగింది. వేలికొస కాస్త పక్కకు ఒరిగి ఆ గొట్టాన్ని మెల్లగా నిమిరింది. ఆ తర్వాత, ఏమీ జరగనట్టు, ముందుకు పోయింది. గొట్టం తెగి ఎర్రనీళ్ళు బల్లంతా పారాయి.

"తగలలేదా నీకు?" అన్నాడు నరహరి.

"తగిలింది సార్."

"మరి ఎందుకు ఆగలే?"

మధుకర్ తన చేతిని తానే కొత్తగా చూసుకున్నాడు. "తెల్వది సార్. చెయ్యే ముంగటికి పోయింది."

తర్వాత వచ్చిన అమ్మాయి వేలూ అక్కడే ఆగింది, అలాగే నిమిరింది, అలాగే ముందుకు పోయింది. ఆ తర్వాతివాడిదీ అంతే. మధ్యాహ్నానికి బ్యాచి మొత్తం అయిపోయింది. సాధన గది నేలమీద ఎర్రనీళ్ళు మడుగు కట్టాయి. నరహరికి భయమేసింది. పిల్లలు ఫెయిలైనందుకు కాదు. ఆ ఆగడం ఎవరిదో, ఆ నిమరడం ఎవరిదో, ఆ తర్వాత పోవడం ఎవరిదో ఆయనకు తెలుసు. ఆ వేలు ఆయనదే.

*

ఇది అర్థం కావాలంటే అనుహస్తం గురించి చెప్పాలి. దాన్ని కనిపెట్టింది నరహరి కూతురు సుమేధ. ఉల్లిపొరంత పల్చటి చేతితొడుగు అది. డాక్టరు దాన్ని తొడుక్కుని ఆపరేషన్ చేస్తే, వేళ్ళకు తగిలిన మెత్తదనం, వెచ్చదనం, కండరాలకు అందిన ప్రతి ఆజ్ఞ, అన్నీ అందులో నిలిచిపోతాయి. రెండో తొడుగు విద్యార్థి తొడుక్కుంటే, అది మణికట్టు నరాలతో మాట్లాడి, గురువు చెయ్యి చేసింది విద్యార్థి చేతితో చేయిస్తుంది. గురువు వేలికి తగిలింది వాడి వేలికీ తగులుతుంది. రోజూ కాసేపు తొడుక్కుంటే చాలు, సైకిల్ తొక్కడం వచ్చినట్టు పనితనం చేతికి వచ్చేస్తుంది. ఏళ్ళు పట్టే విద్య నెలల్లో పట్టుబడుతోంది. రికార్డులన్నీ నరహరివే కాబట్టి పిల్లలు దానికి 'సార్ చెయ్యి' అని పేరు పెట్టుకున్నారు. "సార్ చెయ్యి ఖాళీగ ఉన్నదా?" అని ఒకళ్ళనొకళ్ళు అడిగి, వంతులేసుకుని తొడుక్కునేవాళ్ళు.

చేతితోపాటు చేతి బుద్ధి కూడా వస్తుందని ఎవరికీ తోచలేదు.

ఆ సాయంత్రం నరహరి ఇంటికి వెళ్ళేసరికి సుమేధ వంటింట్లో ఉప్మా కలుపుతోంది. భార్య పోయాక ఆ ఇంట్లో ఉన్నది తండ్రీకూతుళ్ళే. వంట వంతులవారీగా సాగుతుంది, ఎవరిది బాగాలేదని రెండోవాళ్ళు వేళాకోళం చెయ్యడం ఆనవాయితీ. ఆ రోజు నరహరి పళ్ళెం ముట్టలేదు.

"ఏమైంది నాన్నా? ఉప్పు ఎక్కువైందా?"

"గడ్డ ఆపరేషన్ పాఠంల ఏ రికార్డు పెట్టినవు బిడ్డా?"

సుమేధ గరిట కింద పెట్టింది. "అన్నిట్ల మంచిది పెట్టిన. ఎక్కడా తొట్రుపాటు లేనిది. ఎందుకు?"

"సమతదా?"

ఆమె అవునన్నట్టు తల ఊపింది.

సమత, సారక్క అనే ఆమెకు ఒక్కతే కూతురు. టీచరు కోర్సు చదువుతూ, మెడలో చిన్న గడ్డ ఉందని నడిచివచ్చి చేరిన పిల్ల. మర్నాటికి శవమై వెళ్ళింది. పెద్ద ధమని ఉండకూడని చోట ఉందనీ, లక్షమందిలో ఒకరికి అలా ఉంటుందనీ, డాక్టరు తప్పేమీ లేదనీ విచారణ కమిటీ తేల్చింది. సుమేధ ఆ రికార్డులో రక్తం వచ్చిన కాడి నుంచి కోసేసి, ముందుభాగాన్ని పాఠంగా వాడింది. పోయిన పిల్ల వల్ల కనీసం పదిమందికి మేలు జరుగుతుందని అనుకుంది పాపం.

"రక్తం వచ్చిన కాన్నించి తీసేసిన కద నాన్నా. అంతకుముందుదంతా మంచిగనే ఉన్నది."

"అంతకుముందే అయిపోయింది బిడ్డా. నాకు తగిలింది."

సుమేధ ఆయన ముఖంలోకి చూసింది. "కమిటీ ముందర తగలలేదన్నవు."

"అన్న."

ఉప్మా చల్లారిపోయింది. కాసేపటికి ఆమె లేచి, తన గదిలోని తెరమీద తండ్రి చెయ్యి కదిలిన తీరు గీసిన గీతనూ, ఆ రోజు పరీక్షలో రబ్బరు మెడ నమోదు చేసిన పిల్లల చేతుల గీతలనూ ఒకదానిమీద ఒకటి పరిచింది. ఒక్కచోట అన్నీ కలిసిపోయాయి. అక్కడ చిన్న మెట్టు, దాని పక్కన చిన్న వంపు, తర్వాత ముందుకు పోయే వాలు.

"ఎందుకు ఆగలే నాన్నా?"

నరహరి ఏం చెప్పాలి? అంతకుముందు రెండు రికార్డులు ఆయన మధ్యలో ఆగినందువల్లే పనికిరాకుండా పోయాయి. ఆగిన చెయ్యి విద్యార్థికి నత్తిలాగా అంటుకునేది. సమత ఆపరేషన్ మర్నాడే అనుహస్తం యంత్రాన్ని చూసి ఆమోదించడానికి ఢిల్లీ నుంచి మనుషులు రావాల్సి ఉంది. కూతురు కొన్నేళ్ళపాటు తిండీ నిద్రా మాని చేసిన పని. ఆపరేషన్‌కు ముందు తొడుగు తొడుగుతూ ఆమె బతిమాలినట్టు ఒక మాట అంది. ఆయన నోరు తెరవకముందే ఆ మాట ఆమెకే గుర్తొచ్చింది.

"నేనే కద అన్నది. ఈసారి నడుమ ఆగకు నాన్నా అని."

"నువ్వు అన్నది పాఠం గురించి. వేలు నాది" అన్నాడు నరహరి. "పుర్రెల బుద్ధి ఉన్నోనికి అప్పుడు ఏం తోచాలె? చెయ్యి తియ్యాలె, కోత పెద్దగ చేసి కండ్లతోని చూడాలె. రికార్డు పోతే పోయింది. నాకు అదంతా ఒక్క ఊపిరిల తోచింది. తోచి గూడ, ఏమైతది లే, ఇన్నేండ్ల చెయ్యి అనుకున్న. నా బిడ్డ యంత్రం గెలవాలె అనుకున్న. ఆడ పండుకున్నది గూడ ఒకరి బిడ్డనే."

సుమేధ మోకాళ్ళమీద తల పెట్టుకుని ఏడ్చింది. నరహరి ఓదార్చలేదు, ఏ ముఖం పెట్టుకుని ఓదారుస్తాడు?

మర్నాడు ఆమె ఒక దారి చూపింది. ఆ రికార్డు చెరిపేద్దాం, కొత్తది పెడదాం, పిల్లలకు సాఫ్ట్‌వేర్ తప్పని చెబుదాం. ఎవరికీ ఏ నష్టమూ ఉండదు. వచ్చే నెల మిగతా కాలేజీలకు యంత్రాలు వెళ్తున్నాయి, ఇప్పుడీ మాట బయటపడితే అంతా మంటగలిసిపోతుంది. చెబుతున్నప్పుడు ఆమె గొంతు ఆమెకే నచ్చలేదు.

ఆశపడలేదని చెబితే అబద్ధం. నరహరి ఆశపడ్డాడు. ఆ వారమంతా ఆయన తనకు తానే లాయరయ్యాడు. కమిటీ వదిలేసింది, తల్లి నమ్మింది, పోయిన పిల్ల తిరిగి రాదు, యంత్రం వల్ల పల్లె ఆసుపత్రుల్లో ఎందరో బతుకుతారు. అన్నీ నిజాలే. కానీ వార్డులో మధుకర్ ఎదురైనప్పుడల్లా ఆయన చూపు వాడి చూపుడువేలి మీదికే పోయేది.

"చెరిపితే యంత్రంలకెల్లి పోతది" అన్నాడు చివరికి కూతురితో. "మధుకర్ చేతిలకెల్లి పోతదా?"

సుమేధ తల అడ్డంగా ఊపింది. చేతికి పట్టిన అలవాటు చేతికి తెలియకుండా పోదు. ఎక్కడ ఏ తప్పు ఉందో వాళ్ళకు తెలియాలి, అక్కడికి వచ్చినప్పుడల్లా వాళ్ళు తమ చేతిని తామే పట్టి ఆపాలి. తెలియాలంటే ఎవరో చెప్పాలి. చెప్పాల్సింది ఎవరో ఇద్దరికీ తెలుసు. ఆ మాట మొదట వినాల్సిన మనిషి మాత్రం క్లాసులో లేదు.

*

సారక్క ఆర్టీసీలో కండక్టరు. సోమారం నుంచి రేగులపాడు మీదుగా అడవి అంచు వరకు వెళ్ళే పల్లెవెలుగు ఆమెది. నరహరి బస్సెక్కగానే ఆమె గుర్తుపట్టింది.

"సారూ! మీరు బస్సెక్కినరేంది? కారు ఖరాబైందా?" అని, కిటికీ పక్క సీట్లో కూర్చున్న కుర్రాణ్ణి లేపేసింది. "లే పోరగా, జర పక్కకు జరుగు. మన డాక్టర్ సారు. నా బిడ్డ కోసం ఎంత కష్టపడ్డడో నీకేం ఎరుక!"

నరహరికి ప్రాణం చచ్చిపోయింది. తిడితే బాగుండేది. ఆమె ఊరంతా అలాగే చెప్పుకుంది. సారు తప్పేం లేదు, నా బిడ్డ రాత అట్ల ఉన్నది, సారు మా ఇంటికొచ్చి ఏడ్చిపోయిండు అని. బస్సులో నలుగురూ ఆయనకు నమస్కారాలు పెట్టారు. ఆయన చేతులు ఒళ్ళోంచి లేవలేదు.

చివరి స్టాపులో జనం దిగిపోయారు, డ్రైవరు చాయ్ తాగడానికి వెళ్ళాడు. సారక్క సంచి సర్దుకుంటూ, "చెప్పున్రి సార్, గీ ఊర్లె ఎవర్ని చూడాలె?" అంది.

"నిన్నే చూడ వచ్చినమ్మా."

ఆయన చెప్పాడు. క్లాసులో ఏళ్ళ తరబడి చెప్పిన మనిషికి ఆ రోజు మాట కూడదీసుకోవడం చేతకాలేదు. ముందు అరుదైన ధమని గురించి మొదలుపెట్టాడు, అది తప్పించుకోవడంలా వినిపించి మధ్యలో మానుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "నీ బిడ్డ మెడల నాకు నాడి తగిలిందమ్మా. ఉండొద్దన్న చోట. ఆగాలె. నేను ఆగలే. ఆగితే మిషిన్‌ల పాఠం ఖరాబైతదని ఆగలే. నీ బిడ్డ నాడి, నా తప్పు రెండూ ఆ మిషిన్‌ల నిలిచిపోయినయి, నేర్చుకునే పిల్లల చేతులకు గూడ ఆ తప్పు అంటుకున్నది. కమిటీ వాళ్ళకు తగలలేదని అబద్ధం చెప్పిన."

సారక్క వింటూ నిలబడింది. చేతిలోని టికెట్ మిషన్ బీప్‌మని మోగితే ఆపేసింది.

"ఏమన్నరు సార్? మళ్ళొక్కపారి చెప్పున్రి."

ఆయన మళ్ళీ చెప్పాడు.

ఆమె ఏడవలేదు. డ్రైవరు వచ్చి హారన్ కొట్టాడు. ఎక్కాల్సినవాళ్ళు ఎక్కారు. సారక్క విజిల్ ఊది, ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళి, ఎక్కడికి ఎక్కడికని అడుగుతూ టికెట్లు కొట్టింది. నరహరి సీటు దగ్గరికి వచ్చి ఆయనకూ ఒక టికెట్ కొట్టింది. చేతికివ్వలేదు, పక్కన సీటు మీద పెట్టి ముందుకు వెళ్ళిపోయింది. తిరుగుదారి పొడవునా ఆయన వైపు చూడలేదు.

సోమారంలో ఆయన దిగుతుంటే, ఫుట్‌బోర్డు మీద నిలబడి అప్పుడు అంది. "గిన్ని రోజులు దేవునితోని కొట్లాడిన సార్. ఏం పాపం చేసినమని నా బిడ్డను గుంజుకున్నవని నోటికొచ్చినట్టు తిట్టిన. ఉట్టిగనే తిట్టినన్నట్టు."

బస్సు కదిలింది.

*

పది రోజులైనా కాకముందే ఆమె కాలేజీకి వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా ఖాకీ చొక్కాతోనే వచ్చింది. సాధన గదిలో సుమేధ, నరహరి ఇద్దరూ ఉన్నారు. సారక్క కూర్చోలేదు.

"గా మిషిన్‌ల నా బిడ్డ నాడి ఉన్నదంటివి. నాకు చూపెట్టు."

"వద్దమ్మా" అంది సుమేధ గాభరాగా. "అది... అది ఆపరేషన్. మీరు తట్టుకోలేరు."

"పిల్ల పోయింది తట్టుకున్న. గిది తట్టుకోనా?"

సుమేధ ఆమెకు తొడుగు తొడిగింది. టికెట్లు చింపి, కడ్డీ పట్టుకుని కాయలు కాసిన చెయ్యి ఆమెది, ఆ పల్చటి పొర ఒక పట్టాన ఎక్కలేదు. కత్తి ముట్టిన భాగం ఆమెకు అందకుండా దాటించి, వేలు గడ్డ కిందికి పోయే చోటి నుంచి సుమేధ రికార్డు మొదలుపెట్టింది.

సారక్క చూపుడువేలు గాలిలో దానంతట అదే కదిలింది. ఆమె ముఖం మారిపోయింది.

"వెచ్చగున్నది" అంది మెల్లగా. కాసేపటికి, "అయ్యో, వెచ్చగున్నది సార్!"

వేలు ముందుకు జారింది. ఆగింది. ఆ ఆగిన చోట ఆమె ఊపిరి కూడా ఆగింది. దరువు తగిలింది. బలంగా, తొందరేమీ లేకుండా, మంచి నిద్రలో ఉన్న పిల్ల గుండె కొట్టుకుంటున్న దరువు.

"కొట్టుకుంటున్నది. నా తల్లి కొట్టుకుంటున్నది! సమ్మీ! ఓ సమ్మీ!"

వేలు పక్కకు ఒరిగి నిమిరింది. ఆ తర్వాత ముందుకు పోబోతుంటే సుమేధ ఒక్క ఉదుటున ఆపేసింది. సారక్క కళ్ళు తెరిచి, ఇంకోసారి పెట్టమంది. పెట్టింది. ఇంకోసారి. ఎన్నిసార్లు పెట్టినా అంతే, వెచ్చదనం, దరువు, నిమరడం, ఆ తర్వాత ముందుకు పోవడం.

"గా దరువు కాడ ఆపు బిడ్డా. ఆడనే ఉండనియ్యి. ముంగటికి పోనియ్యకు."

సుమేధ అక్కడ ఆపింది. సారక్క ముఖం వాడిపోయింది.

"ఏదీ? కొట్టుకుంటలేదు."

"ఆపితే కొట్టుకోదమ్మా" అంది సుమేధ. "రికార్డు నడిస్తేనే నాడి నడుస్తది. నడిస్తే వేలు గూడ నడుస్తది. కావాలంటే ఆ నాలుగు దెబ్బలే మళ్ళమళ్ళ వచ్చేటట్టు చేసిస్త. ఇంటికి తీస్కపోవచ్చు."

సారక్క ఆలోచించింది. ఎంత ఆశపడిందో ముఖంలో కనబడుతూనే ఉంది. చివరికి తల ఊపి వద్దంది. "నాలుగే మళ్ళమళ్ళ కొట్టుకుంటే గడియారమైతది. నా బిడ్డ కాదు."

తొడుగు తానే లాగి తీసేసింది. అప్పుడు నరహరి వైపు తిరిగింది.

"నిమిరినవ్ సార్. నాకు తెలిసింది. గాడ పాణమున్నదని నీకు ఎరుకై, నిమిరి గూడ పోయినవ్."

నరహరి చేతులు జోడించాడు. "మాఫ్ చెయ్యమ్మా."

"గది నన్నడగకు. గిప్పుడు నా కాడ లేదు."

అప్పటివరకు గోడకు ఆనుకుని నిలబడ్డ సుమేధ ముందుకొచ్చింది. "అమ్మా, నడుమ ఆగకుమన్నది నేను. నా మిషిన్ కోసమే..."

సారక్క ఆ పిల్లను పైనుంచి కిందిదాకా చూసింది. ఇంచుమించు సమత వయసే, అలాంటి సన్నటి చేతులే. తిట్టడానికి నోరు తెరిచిందేమో, మాట మారింది.

"మీకు ఒకరికొకరు ఉన్నరు" అంది. "నేను ఇంటికి పోయి నాకు నేనే తాళం తీసుకుంట."

ఆ మాటకు తండ్రీ కూతురూ ఇద్దరూ తలలు దించుకున్నారు. ఏ కమిటీ వెయ్యని శిక్షను ఆమె ఆ ఒక్క మాటతో వేసింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది.

"గిది చెరిపేస్తరా?"

"మీరు చెరపమంటే ఇప్పుడే" అంది సుమేధ.

"చెరపకు. పోరగాళ్ళ చేతులకెల్లి పోయేదాంక చెరపకు. పిల్లలకు ఎన్నడు చెప్తవ్ సార్?"

"బుధవారం. వృత్తిధర్మం క్లాసు."

"నేనొస్త. ఏం చెప్తవో వింట."

*

నరహరి అప్పటికే వైద్య మండలికి జరిగింది రాసిచ్చాడు. ఆపరేషన్లు మానేశాడు. సుమేధ తన చేత్తో తానే కాలేజీలకు వెళ్ళాల్సిన యంత్రాలను ఆపించింది. ఢిల్లీవాళ్ళు ఫోన్లో అరిస్తే విని పెట్టేసింది. యాజమాన్యం నరహరిని క్లాసు తీసుకోవద్దంది. ఇదొక్కటి తీసుకున్నాక మీ ఇష్టం అన్నాడాయన.

వృత్తిధర్మం క్లాసంటే పిల్లలకు నిద్రకు మంచి సమయం. ఇన్నేళ్ళూ నరహరి ఆ క్లాసును "ఒక ఊళ్ళో ఒక డాక్టరు ఉన్నాడనుకుందాం" అని మొదలుపెట్టేవాడు. ఆ డాక్టరు లంచం తీసుకునేవాడు, అబద్ధపు సర్టిఫికెట్టు ఇచ్చేవాడు, అక్కర్లేని పరీక్షలు రాసేవాడు. పిల్లలు వాణ్ణి ముక్తకంఠంతో తిట్టేవాళ్ళు. ఊరూ పేరూ లేని ఆ డాక్టరు మీద అందరూ తప్పులు మోపి, చేతులు దులుపుకుని క్యాంటీన్‌కు పోయేవాళ్ళు.

ఆ బుధవారం ఆయన "నేను" అని మొదలుపెట్టాడు.

వెనక బెంచీలో సారక్క కూర్చుంది. ఆమె ఎవరో మొదట ఎవరికీ తెలియదు. నరహరి సమత పేరు చెప్పాడు, ఆమె ఏం చదివేదో చెప్పాడు, వేలికి ఏం తగిలిందో, తనకు ఏం తోచిందో, తోచినా ఏం చేశాడో చెప్పాడు. కమిటీతో ఆడిన అబద్ధం చెప్పాడు. "ఆ అమ్మాయి తల్లి ఇక్కడున్నది" అన్నప్పుడు బెంచీలన్నీ ఒక్కసారి కిర్రుమని వెనక్కి తిరిగాయి. నిద్రపోయేవాడు ఒక్కడూ లేడు.

"నా చెయ్యి మీకు పనితనం నేర్పింది. దాంతోపాటు, తగిలినా ఆగకుండ పోవడం గూడ నేర్పింది. పనితనం మీదే, ఉంచుకోండ్రి. రెండోది నాది. మీ చేతుల అది కదిలినప్పుడల్లా, ఇది నరహరి వేలు, నాది కాదు అని దాన్ని పట్టుకొని ఆపండ్రి. ఆపడానికి యంత్రం లేదు. మీరే ఆపాలె."

అప్పుడు మధుకర్ లేచి నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది.

"సార్, పోయిన నెల..." అని ఆగాడు. "పోయిన నెల రేగులపాడు ఆమెకు గడ్డ తీసినం. నా వేలికి తగిలింది సార్. నేను గూడ... పోయిన. రక్తం వచ్చింది. ఒత్తి పట్టుకున్న. ఏదో చిన్న నాళం, ఆగిపోయింది. అసిస్టెంట్ సార్ అప్పుడే బయటికి పోయి ఉండె. ఎవరికి చెప్పలే. ఆమె మంచిగనే ఇంటికి పోయింది."

నరహరి బల్ల అంచు పట్టుకున్నాడు. తను భయపడింది భయపడినట్టే జరిగిపోయింది, జరిగి నెల కూడా అయింది. ఆమె బతికింది కాబట్టి సరిపోయింది. వాడికీ తనకూ తేడా అదొక్కటే, అది అదృష్టం తప్ప మరేం కాదు. వెనక నుంచి సారక్క గొంతు వినిపించింది.

"ఇప్పుడు మంచిగనే ఉన్నదా ఆమె?"

మధుకర్ వెనక్కి తిరిగాడు. "మంచిగనే ఉన్నదమ్మా. కుట్లు గూడ తీసినం."

"ఆమెకు ఎరుకేనా?"

"లేదమ్మా."

"మరి పొయ్యి చెప్పు."

మధుకర్ బిక్కచచ్చిపోయాడు. "ఏమని చెప్పాలమ్మా? ఆమెకు ఏం కాలేదు కద. ఉత్తగ భయపెట్టినట్టయితది."

"కాలేదు గద, గదే చెప్పు. నా చెయ్యి తప్పు చేసింది, నువ్వు అదృష్టానికి బతికినవ్ అని చెప్పు. సారు మంచోడు, సారు దేవుడు అని ఆమె గూడ ఊరంత చెప్పుకుంటుండొచ్చు. నేను చెప్పుకోలేదా?"

మధుకర్ చేతులు వెనక్కి కట్టుకుని, మళ్ళీ ముందుకు తెచ్చుకున్నాడు.

"తిడ్తరేమో అమ్మా."

"తిడ్తరు."

"మాఫ్ చెయ్యకపోతే?"

సారక్క క్లాసు మీదుగా, ఆ కుర్రాడి భుజం మీదుగా, బల్ల దగ్గర నిలబడ్డ నరహరి వైపు చూసింది. ఆ చూపు ముందు ఆయన తల తిప్పుకోలేదు.

"చెయ్యకున్నా పోవాలె కొడుకా" అంది. "గా సారు వచ్చిండు గద నా కాడికి. నేనింకా మాఫ్ చెయ్యలే."

మధుకర్ బెంచీ దాటి, రేగులపాడు బస్సు కోసం బయటికి నడిచాడు.